కొరియా కషాయం, ఏడీహెచ్‌డీ, టెన్షన్: అపోహలు - వాస్తవాలు

సియోల్‌లో ఐదేళ్లుండి తిరిగొచ్చిన ఒకావిడ మొన్న నా టేబుల్ మీద ముదురు గోధుమరంగు కషాయం ప్యాకెట్ పెట్టారు. పదేళ్ల బాబుకి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం), దానితోపాటు విపరీతమైన టెన్షన్. రోజుకు రెండు ప్యాకెట్లు, గోరువెచ్చగా చేసి తాగిస్తున్నారట. నేను పిల్లల సైకియాట్రిస్ట్‌ని, కొరియా సంప్రదాయ వైద్యం చేయను, కానీ ఈ రెండు సమస్యలూ కలిసి ఉన్న పిల్లల్ని రోజూ చూస్తాను.

అపోహ: "మూలికలే కదా డాక్టర్ గారూ, ఏమవుతుంది?"
నాకు ఎక్కువ భయం వేసేది ఈ మాటకే. కొరియా కషాయాలు కొన్నిటిలో మాహ్వాంగ్ అనే మూలిక వేస్తారు. దానిలో ఉండేది ఎఫిడ్రిన్. గుండె దడ, నిద్రలేమి తెస్తుంది. పరీక్ష అంటేనే కడుపులో తిప్పే పిల్లాడికి ఆ దడ రాగానే ఏదో అయిపోతోందని ఇంకా భయం పట్టుకుంటుంది. పైగా ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర కూడా వాడుతుంటే రెండూ కలిసి బీపీని, గుండె వేగాన్ని పెంచుతాయి. చాలా కషాయాల్లో పడే అతిమధురం కూడా ఎక్కువ మోతాదులో చాలా రోజులు వాడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది.

అపోహ: "అదంతా నాటువైద్యం"
కాదు. అక్కడ ఈ వైద్యాన్ని ఆరేళ్లు చదివి, జాతీయ పరీక్ష పాసైతేనే లైసెన్స్. కొరియా రాజవైద్యుడు హో జున్ రాసిన వైద్యగ్రంథం 'దొంగ్వి బోగమ్' 1613లో అచ్చయింది, ఇప్పటికీ వాళ్లకు అదే మూలగ్రంథం. అయితే లైసెన్స్ ఉండటం వేరు, ఫలానా కషాయం ఏడీహెచ్‌డీకి పనిచేస్తుందని రుజువు కావడం వేరు.

అపోహ: "కషాయం, ఆక్యుపంక్చర్ సూదులు ఉంటే మాత్ర మానేయొచ్చు"
మాత్రకు బదులు వాడదగినంత గట్టి ఆధారం ఆక్యుపంక్చర్‌కైనా, కషాయానికైనా లేదు. మాత్రతో టెన్షన్ పెరుగుతుందన్న భయమూ అందరి విషయంలో నిజం కాదు, హోంవర్క్ పూర్తవుతుంటే టీచరంటే భయం తగ్గే పిల్లలే ఎక్కువ. ఆ మాత్ర పడనివాళ్లకు అటోమాక్సెటిన్ అనే వేరే మందు ఉంది, ఆందోళనకు విడిగా కౌన్సెలింగ్ ఉంది.

అపోహ: "పరీక్ష రోజు చొంగ్‌సిమ్‌వాన్ ఇస్తే సరి"
అది గోరోచనం వేసి చేసే మందు, కొరియాలో పిల్లలు పరీక్ష ముందు వేసుకుంటారు. కొందరికి మత్తుగా ఉంటుంది. మొదటిసారి పరీక్ష పొద్దునే ఇవ్వకండి.

ఆ ప్యాకెట్ మీద మూలికల పేర్లే లేవు. సియోల్ డాక్టర్‌కి బాబు వేసుకునే మాత్ర సంగతి, నాకు కషాయం సంగతి చెబితే తిడతారని ఆవిడ ఇన్నాళ్లూ ఇద్దరి దగ్గరా దాచారు. అక్కడికి మెసేజ్ పెట్టించాను. రెండో రోజే జాబితా వచ్చింది: మాహ్వాంగ్ లేదు, అతిమధురం ఉంది. బీపీ చూసి, పొటాషియం పరీక్ష రాశాను.