కమోడ్‌లో గార: అపోహలు - వాస్తవాలు

బోరు నీళ్లే దిక్కైన అపార్ట్‌మెంట్లలో డీప్ క్లీనింగ్ మా పని. హైదరాబాద్ శివారు కాలనీల్లో ఏ ఫ్లాట్‌కి వెళ్లినా కమోడ్‌లో నీళ్లు నిలిచే గీత చుట్టూ పసుపుగానో గోధుమరంగులోనో ఒక గరుకు పొర, అదే గార, ఉంటుంది, దాని గురించి ఇంటివాళ్లు చెప్పే మాటలు కూడా దాదాపు అన్నిచోట్లా అవే.

అపోహ: పనమ్మాయి సరిగ్గా కడగట్లేదు.

పాపం ఆవిడని అనకండి. అది మురికి కాదు, రాయి. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు తడి ఆరిన చోటల్లా కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిగా గట్టిపడతాయి. దానికి మూత్రం తోడైతే ఇంకా మొండి, ఎందుకంటే అందులోని యూరియాని బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది, దాంతో ఫాస్ఫేట్ లవణాలు కూడా వచ్చి ఆ పొరలో కలుస్తాయి. ఎంత కడిగినా వదలని ఆ వాసన అక్కడిదే. ఎర్రటి చారలుంటే మాత్రం నీళ్లలో ఇనుము ఉన్నట్టు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతేనే 600 వరకు. మీ బోరు నీళ్లు ఒకసారి టెస్ట్ చేయించి ఆ అంకె చూశాక పనమ్మాయితో గొడవ పెట్టుకోవాలో లేదో మీకే తెలుస్తుంది.

అపోహ: బ్లీచింగ్ పౌడర్ వేస్తే పోతుంది.

పోదు, తెల్లబడుతుంది అంతే. పైన రంగు పోతుంది, కింద రాయి అలాగే ఉంటుంది, కొన్నాళ్లకి మళ్లీ పసుపు పడుతుంది. అసలు బ్లీచింగ్ పౌడర్ తయారయ్యేదే సున్నం, క్లోరిన్ల నుంచి, సున్నం వదిలించడానికి ఇంకాస్త సున్నం పోస్తున్నామన్నమాట. క్రిములకి వాడుకోండి, గారకి కాదు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. బ్లీచింగ్ వేసి, పని చేయట్లేదని దాని మీదే హార్పిక్ లాంటి క్లీనర్ పోస్తారు. అలాంటి క్లీనర్లలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అదీ తలుపు వేసున్న చిన్న బాత్రూంలో. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోవద్దు. గ్యాస్ వచ్చిందనిపిస్తే కడగడానికి ఆగకుండా బయటికి వచ్చేయండి.

అపోహ: వంట సోడా, వెనిగర్ కలిపితే నురగ వస్తుంది, ఆ నురగే గారని తినేస్తుంది.

వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, గార మీద పని చేయాల్సిన ఆమ్లం సోడా మీదే ఖర్చైపోతుంది. సోడా మానేసి ఒట్టి వెనిగర్ పోసినా మేలు. దానికన్నా చవక, బలం ఉన్నది కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్.

అపోహ: ఎంత ఘాటు యాసిడ్ అయితే అంత తొందరగా పోతుంది.

చాలామంది తప్పు చేసేది బలం దగ్గర కాదు, నీళ్ల దగ్గర. కమోడ్‌లో నిలిచిన నీళ్లలోకే క్లీనర్ పోస్తారు, అది పలచబడిపోతుంది, పది నిమిషాలకి ఫ్లష్ చేసి ‘ఈ బ్రాండ్ వేస్ట్’ అంటారు. మేం చేసే పద్ధతి ఇదీ: ముందు ట్యాంక్‌కి నీళ్లొచ్చే వాల్వ్ కట్టేసి ఒకసారి ఫ్లష్ చేస్తాం, అడుగున మిగిలిన నీళ్లు పాత మగ్గుతో, స్పాంజ్‌తో తీసేస్తాం. లీటరు గోరువెచ్చని నీళ్లలో ఓ 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, టిష్యూ పేపర్లు అందులో ముంచి గార ఉన్న చోటల్లా అతికిస్తాం, అంచు కింద నీళ్లొచ్చే రంధ్రాల్లోకి కూడా దూరుస్తాం (ఫ్లష్ నీరసంగా వస్తోందంటే చాలాసార్లు ఆ రంధ్రాలు పూడుకుపోయినట్టే). మిగిలింది అడుగున పోసి రాత్రంతా వదిలేయడమే. పొద్దున టిష్యూలు చెత్తబుట్టలో వేయండి, ఫ్లష్ చేయొద్దు. గార మెత్తబడి ఉంటుంది, ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్నది ఒక్క రాత్రికి రాదు, ఇంకోసారి పెట్టాలి. మరుగుతున్న నీళ్లు మాత్రం పోయకండి, పింగాణీ పగలొచ్చు.

వీధిలో సీసాల్లో అమ్మే లూజు యాసిడ్ మేం వాడం. బలం ఎంతో రాసి ఉండదు, పొగ ఊపిరితిత్తులకి చేటు. పింగాణీ మీది గ్లేజుకి (నున్నటి పూతకి) దాంతో పెద్దగా ఏమీ కాదు గానీ, పక్కనున్న మార్బుల్, టైల్స్ మధ్య సిమెంటు, కుళాయిల మెరుపు పోతాయి.

అపోహ: ఉప్పు కాగితంతో గట్టిగా రుద్దితే చాలు.

ఆ రోజుకి మెరుస్తుంది. గ్లేజు మీద పడిన గీతలు మళ్లీ పూడవు, గార పట్టుకోవడానికి వాటికి మించిన చోటు లేదు. స్టీలు పీచుదీ అదే కథ.

చివరిగా ఇంకోటి. కమోడ్ లోపల వెనక వైపు ఒకే చోట నిలువుగా గార చార పడుతుంటే కడగడం ఆపి ట్యాంక్ మూత తీయండి. మిఠాయి రంగు కాస్త అందులో కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా ఉండండి, కమోడ్‌లోకి రంగు దిగిందంటే ట్యాంక్ లోపలి వాషర్ పోయింది. సన్నగా కారే ఆ నీరే రోజంతా రాయి పోస్తోంది, ప్లంబర్‌ని పిలిచి వాషర్ మార్పించండి.