ఎర్త్ గుంటలో బిందెడు నీళ్లు

బెంగళూరు మారతహళ్లి వైపు మా బంధువులుండే మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఈ వారం మళ్లీ ఎర్తింగ్ గొడవ రేగింది. వానపడ్డ మర్నాడు ఒకావిడ గీజర్ కుళాయి తిప్పితే చెయ్యి జివ్వుమంది. సాకెట్ సాకెట్‌కీ లూప్ టెస్ట్ (లీకైన కరెంటు తిరిగొచ్చే చుట్టు మొత్తం ఎన్ని ఓమ్‌లో కొలవడం) చేయించండని ఫ్లాట్ల వాళ్లు పట్టుబట్టారు. ఎర్త్ గుంట రిపోర్టు ఉంది, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్‌లున్నాయి, అనవసర ఖర్చు అని అసోసియేషన్ అంటోంది.

మూడో పిన్ను ఎందుకో అందరికీ తెలుసు, ఆ సంగతి వదిలేద్దాం. ఇలాంటి చిన్న అపార్ట్‌మెంట్లకు ఎర్త్ అంటే ఆవరణలో తవ్విన గుంటే. మెగ్గర్ మీటర్‌తో దాని నిరోధం కొలిచి, 5 ఓమ్‌లలోపు వస్తే బాగుందని రాసేస్తారు. లెక్క వేసి చూడండి. లీకైన కరెంటు గుంటలో దిగి, మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి, ఫేజు వైరు మీదుగా తిరిగి రావాలి. గుంట 5, ట్రాన్స్‌ఫార్మర్ వైపు 1 అనుకుంటే 230 వోల్టులకు పారేది 38 ఆంపియర్లే. కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్ ఎంసీబీ. సీ రకం 16 ఆంపియర్లది తటాలున పడుతుందన్న భరోసా 160 ఆంపియర్ల దగ్గర వస్తుంది, అంటే చుట్టు మొత్తం 1.44 ఓమ్‌లు దాటకూడదు. 38 దగ్గర అది వేడెక్కి పడాలి. దానికి కొన్ని సెకన్లు పట్టొచ్చు, నిమిషమూ పట్టొచ్చు. అప్పటిదాకా గీజర్ బాడీ మీద 190 వోల్టులుంటాయి.

నన్నడిగితే లూప్ కొలతను మరిచిపోవడంలో అసలు మలుపు ఆర్‌సీసీబీతో వచ్చింది. 30 మిల్లీఆంపియర్లు లీకైతే చాలు పడిపోతుంది కాబట్టి, ఎర్త్ వందల ఓమ్‌లున్నా కాగితం మీద ఇబ్బంది లేదు. పైగా అప్పటి లూప్ టెస్టర్లు క్షణంపాటు ఇరవై ఆంపియర్ల పైనే లాగేవి. టెస్ట్ మొదలుపెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోయి ఇల్లంతా చీకటయ్యేది. ట్రిప్ కాకుండా 15 మిల్లీఆంపియర్లతో కొలిచే టెస్టర్లు తర్వాత వచ్చాయి కానీ, అప్పటికే కొలిచే అలవాటు పోయింది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో, లీకేజీ రక్షణ తప్పనిసరి చేస్తూ తర్వాత చేర్చిన 61ఏ కూడా 5 కిలోవాట్లలోపు ఇళ్లను వదిలేసింది. మన ఇళ్లు ఎక్కువ భాగం ఆ లోపువే.

ఆ తర్వాత ఇన్వర్టర్లొచ్చాయి. ఇన్వర్టర్ న్యూట్రల్, ఇంటి న్యూట్రల్ ఎక్కడో కలిశాయంటే ఆర్‌సీసీబీ నిలవదు. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ ఒకాయన చెప్పాడు: “రాత్రి రెండింటికి ఫోన్ చేస్తారన్నా, ఫ్యాను తిరగాలంటారు. న్యూట్రళ్లు విడదీయాలంటే ఒక రోజు పని, డబ్బులివ్వరు. బైపాస్ చేయమంటారు, చేస్తాం.” మా బంధువుల డీబీ (ఇంటి స్విచ్‌లన్నీ ఉండే పెట్టె) మూత విప్పి చూశాం. ఆర్‌సీసీబీ బటన్ నొక్కితే టక్‌మని పడింది. హాల్లో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

అసోసియేషన్ మాట పూర్తిగా కొట్టిపారేయలేం, అన్ని ఫ్లాట్లూ కొలవాలంటే ఖర్చే. కానీ 2019లో సవరించిన, వైరింగ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 732లో, వైరింగ్ అప్పగించే ముందు చేయాల్సిన పరీక్షల్లో లూప్ ఇంపిడెన్స్, అంటే ఆ చుట్టు ఓమ్‌లు కొలవడం కూడా ఉంది.

ఇక గుంట రిపోర్టు. బెంగళూరు నేల కింద గ్రానైటు, ఎండాకాలం తడి ఉండదు, ఓమ్‌లు పెరుగుతాయి. కొలిచేవాళ్లు వస్తున్నారని తెలిస్తే గుంటలో బిందెడు నీళ్లు పోయడం వాచ్‌మన్‌కు కూడా తెలిసిన విద్య. సరఫరాదారు ఎర్తులను రెండేళ్లకోసారైనా ఎండాకాలంలో, పొడి రోజున కొలవాలని ఆ 1956 నిబంధనలే చెప్పాయి.

ఆదివారం గీజర్ సాకెట్ దగ్గర లూప్ టెస్టర్ పెడితే 7.8 ఓమ్‌లు చూపించింది. అసోసియేషన్ ఫైల్లో గుంట రీడింగ్ 1.2. దాని కింద తేదీ చూశాం, అక్టోబరు నెలది.