మంచుకు కుట్లు వేసే చేపలు

“ఉప్పునీరు కూడా గడ్డకట్టే చోట చేప ఎందుకు గడ్డకట్టదు?” అని తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి అడిగింది. అంటార్కిటికా అనగానే అందరూ పెంగ్విన్ల గురించే అడుగుతారు. ఈ అమ్మాయి మంచు కిందికి తొంగిచూసింది.

అంటార్కిటికా తీరంలోని మెక్‌మర్డో సౌండ్ అనే సముద్రపు పాయ 77 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. అక్కడ సముద్రం మీద సుమారు రెండు మీటర్ల మందాన మంచు పేరుకుంటుంది. ఆ మంచు అడుగున పలుచని మంచు పలకలు గుత్తులుగా వేలాడుతుంటాయి. లోతు తక్కువైన చోట అడుగునేల మీది రాళ్లకూ స్పాంజీలకూ కూడా మంచు పట్టేస్తుంది. నీటి ఉష్ణోగ్రత మైనస్ 1.9 డిగ్రీలు. మామూలు చేప రక్తంలో సముద్రంలో కన్నా ఉప్పు బాగా తక్కువ కాబట్టి అది మైనస్ 0.8 దగ్గరే గడ్డకట్టాలి. తేడా ఒక్క డిగ్రీయే, కానీ చావుకూ బతుకుకూ మధ్య ఉన్నది ఆ డిగ్రీయే.

మంచు ఏర్పడాలంటే ముందు ఒక విత్తనం, అంటే చిన్న స్ఫటికం కావాలి. కెనడాలోని లాబ్రడార్‌లో ఒక ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ) లోతుల్లో కొన్ని చేపలు గడ్డకట్టాల్సిన చలిలోనూ ద్రవంగానే ఉన్న రక్తంతో బతుకుతున్నాయని షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం 1957లో తెలిపింది. మంచుముక్క తాకించగానే అవి గడ్డకట్టి చచ్చిపోయాయి. మంచు స్ఫటికాలు చేరని అలాంటి లోతుల రక్షణ మెక్‌మర్డో చేపకు లేదు. అది మింగే గుక్కలోనే విత్తనాలు ఉంటాయి.

1960లలో ఆర్థర్ డెవ్రీస్ అనే శాస్త్రవేత్త ఆ మెక్‌మర్డో చేపల రక్తంలో ఒక గ్లైకోప్రోటీన్‌ను, అంటే చక్కెరలు అతికిన ప్రోటీన్‌ను కనిపెట్టాడు. థ్రియోనిన్, అలనిన్, అలనిన్ అనే అమైనో ఆమ్లాల వరుస అందులో మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతి థ్రియోనిన్‌కూ రెండు చక్కెరల జంట వేలాడుతుంది. ఉప్పు తన కణాల సంఖ్యతో గడ్డకట్టే స్థానాన్ని దించుతుంది. ఈ ప్రోటీన్ అంతే సంఖ్యలో ఉండి అంతకు వందల రెట్లు పనిచేస్తుంది. లెక్క కుదరకపోతే అక్కడ వేరే యంత్రాంగం ఉందన్నమాట.

దూది పరుపును చూడండి. కుట్టు పడ్డ చోట గుడ్డ అణిగిపోతుంది, కుట్లకూ కుట్లకూ మధ్య ఉబ్బుతుంది. ప్రోటీన్ అణువులు మంచు స్ఫటికం ముఖం మీద అలాగే అక్కడక్కడ అతుక్కుంటాయి. అతుక్కున్న చోట కొత్త నీటి అణువు చేరలేదు, కాబట్టి మంచు మధ్య ఖాళీల్లోనే ఉబ్బాలి. ఉబ్బు మీద కూర్చున్న అణువుకు చదునైన ముఖం మీద ఉన్నదానికన్నా ఇరుగుపొరుగు తక్కువ, పట్టు తక్కువ, అందుకే అది సులువుగా ఊడి నీటిలోకి జారిపోతుంది. దాన్ని నిలిపి ఉంచాలంటే ఇంకాస్త చలి కావాలి. దీన్నే గిబ్స్–థామ్సన్ ప్రభావం అంటారు. కుట్లు ఎంత దగ్గరైతే ఉబ్బు అంత వంపు తిరుగుతుంది, మంచుకు అంత ఎక్కువ చలి కావాలి. చలి మరీ పెరిగితే ఉబ్బులు కుట్లను మింగేసి స్ఫటికం ఒక్కసారిగా పెరుగుతుంది. అంటార్కిటిక్ సముద్రం అంత చల్లబడదు.

ఇలాంటి అమరిక కనబడగానే మహిమ అని చేతులు జోడించి ఊరుకుంటే ఈ కథలో సగం చేజారిపోతుంది. 1997లో చెంగ్, డెవ్రీస్, వారి సహచరులు ఈ ప్రోటీన్ జన్యువు పుట్టుకను పట్టుకున్నారు. జీర్ణరసంలో ఉండే ట్రిప్సినోజెన్ అనే ప్రోటీన్ జన్యువులోంచి ఒక తునక పదేపదే నకలై ఇలా తయారైంది. భూమికి అవతలి కొసన ఆర్కిటిక్ కాడ్ చేప వేరే దారిలో దాదాపు ఇదే ప్రోటీన్‌ను సంపాదించుకుంది.

పాఠ్యపుస్తకాలు “చేపల్లో యాంటీఫ్రీజ్ ఉంటుంది” అని ఒక్క వాక్యంతో ముగిస్తాయి. ఆ వాక్యం వింటే చేప ఒంట్లో మంచే లేదనిపిస్తుంది. నిజానికి ఉంది. ప్రోటీన్ స్ఫటికాన్ని పెరగనివ్వదు గానీ నాశనం చేయదు. పైగా ఆ కుట్లే మంచును కరగనివ్వకుండా కూడా పట్టి ఉంచుతాయి. కరగాల్సిన ఉష్ణోగ్రత దాటినా చేప ఒంట్లో మంచు మిగిలే ఉంటోందని 2014లో తేలింది. అలా లోపల చేరిన స్ఫటికాలు చేప ప్లీహంలో పోగుపడతాయి. వేసవిలో నీరు కొద్దిగా వెచ్చబడినా, ఆ చేప తన మంచును మోసుకుంటూనే ఈదుతుంది.