భవనానికి జనరేటర్ కలపడం: అపోహలు - వాస్తవాలు

అనేక కుటుంబాలు, దుకాణాలు కలిసి ఉండే భవనానికి జనరేటర్ పెట్టడమంటే యంత్రాన్ని తెచ్చి తీగలు బిగించడం కాదు. అప్పటికే ఉన్న వైరింగ్‌కు రెండో సరఫరా వస్తోందని, ఆ రెండు సరఫరాలు ఏ క్షణంలోనూ కలవకూడదని గుర్తుంచుకుని చేయవలసిన పని అది.

అపోహ: కరెంటు పోగానే మెయిన్ ఆపి, జనరేటర్ ఆన్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ ఏర్పాటు పూర్తిగా మనిషి జ్ఞాపకం మీదే ఆధారపడి ఉంటుంది. అర్ధరాత్రి నిద్రలో లేచి వచ్చిన వాచ్‌మన్ మెయిన్ ఆపడం మరిచిపోతే, జనరేటర్ కరెంటు మీటర్లు దాటి వీధి లైనులోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేసే పరికరం కనుక మన వైపు నుంచి వెళ్లిన 400 వోల్టులు అవతల వేల వోల్టులుగా మారతాయి. సరఫరా లేదన్న నమ్మకంతో తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. అదే సమయంలో కరెంటు తిరిగి వస్తే జనరేటర్ కూడా దెబ్బతింటుంది. చేత్తో తిప్పేదైనా, ఆటోమేటిక్‌దైనా, ఒక సరఫరా విడిపోతే తప్ప రెండోది తగలనివ్వని చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

అపోహ: న్యూట్రల్‌ది ఏముంది, ఎలా కలిపినా ఒకటే.

వాస్తవం: నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. ఫ్లాట్లను మూడు ఫేజుల (కరెంటు తెచ్చే మూడు తీగల) మీద పంచినప్పుడు లోడు ఎన్నడూ సమంగా ఉండదు. ఆ తేడా అంతా న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, మోస్తుంది. అది తెగితే తక్కువ లోడున్న ఫేజు మీది ఇళ్లకు 230కి బదులు 400 దరిదాపుల వోల్టేజీ చేరవచ్చు. ఒక భవనంలో జనరేటర్ మీదకు మారగానే ఒక అంతస్తులో బల్బులు కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగి, పై అంతస్తులో మసకబారాయి. సరఫరా ఆపి ప్యానెల్ తెరిచి చూస్తే, నల్లగా మాడిన న్యూట్రల్ బోల్టు వేళ్లతోనే తిరిగింది. జనరేటర్ న్యూట్రల్‌ను జనరేటర్ వద్దే ఎర్తింగ్ చేసినప్పుడు, న్యూట్రల్‌ను కూడా మార్చే నాలుగు పోల్‌ల చేంజోవర్ వాడాలి. లేకపోతే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ దారి పట్టి, లీకేజీని పట్టుకునే బ్రేకర్లు అకారణంగా పడిపోవడమో, పడవలసినప్పుడు పడకపోవడమో జరుగుతుంది.

అపోహ: జనరేటర్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: సామర్థ్యంలో 30 శాతం కంటే తక్కువ లోడు మీద ఎక్కువ కాలం నడిచే డీజిల్ ఇంజిన్ తగినంత వేడెక్కక, పూర్తిగా మండని ఇంధనం సైలెన్సర్‌లో మసిగా, జిడ్డుగా పేరుకుంటుంది. అలాగని నడిచే లోడును మాత్రమే కూడి చిన్నది కొన్నా ఇబ్బందే. నేరుగా స్టార్ట్ చేసిన మోటారు మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. జనరేటర్ సామర్థ్యం 100 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికి వచ్చే వంతు) దగ్గర 80 కిలోవాట్లేనని కూడా గుర్తుంచుకోవాలి. లిఫ్టు, నీటి మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకునేలా టైమర్లు పెట్టి, ప్రతి ఫ్లాటుకు కరెంటు లిమిటర్ బిగిస్తే, ఒకరు గీజర్ వేసినందుకు భవనమంతా చీకటి కాదు.

అపోహ: ఉన్న బ్రేకర్లే జనరేటర్ మీద కూడా కాపాడతాయి.

వాస్తవం: షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు జనరేటర్ ఇచ్చే కరెంటు, లైను ఇచ్చేదాని కంటే చాలా తక్కువ. కాబట్టి పెద్ద బ్రేకర్ వెంటనే పడకపోవచ్చు. సెట్టింగులను జనరేటర్‌కు తగ్గట్టు మళ్లీ లెక్కించాలి. ఫేజుల వరుస కూడా సరిచూడాలి, లేదంటే పంపు వెనక్కి తిరుగుతుంది.

అపోహ: అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఆపితే పరీక్ష పూర్తయినట్టే.

వాస్తవం: దానివల్ల ఇంజిన్ తిరుగుతుందని మాత్రమే తెలుస్తుంది. నెలకొకసారి అద్దెదారులకు ముందే చెప్పి, నిజంగా మెయిన్ ఆపి, భవనం లోడు మీదనే అరగంట నడిపితే చేంజోవర్, బ్యాటరీ, న్యూట్రల్ బిగింపులు అన్నీ ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి. ఆ అరగంటలో పొగ ఏ కిటికీ వైపు పోతోందో కూడా చూడాలి, ఎందుకంటే అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.