రంగం ఏట్లో మునిగిన గంట

రంగూన్‌లోని (మన పెద్దవాళ్ళ నోట రంగం) ష్వేడగాన్ పగోడాకు వెళ్ళి గంటల సంగతి ఎత్తితే, కళ్ళెదుట వేలాడుతున్న వాటికంటే ఏట్లో మునిగినదాని గురించే ఎక్కువ చెబుతారు.

దాన్ని పోత పోయించినవాడు దిగువ బర్మాలో హంసావతి (పెగూ) రాజ్యమేలిన మోన్ జాతి రాజు ధమ్మజేది. గద్దెనెక్కక ముందు భిక్షువు. ఇళ్ళ లెక్క రాసుకు రమ్మంటే మంత్రులు అత్యుత్సాహంతో పన్నులూ వసూలు చేసుకొచ్చారట. రాజు మండిపడ్డాడు. ఆ సొమ్ముతో పగోడాకు గంట చేయిద్దామని వాళ్ళే ఉపాయం చెప్పారు. ముహూర్తం బాగాలేదు, ఇప్పుడు పోస్తే గంట పలకదని జ్యోతిష్కుడు హెచ్చరించినా 1484లో పోత పోశారు. పలికింది గానీ వినసొంపుగా లేదని కథ.

బరువు 1,80,000 వీశెలంటారు. మన వీశెకు బర్మా వీశె చుట్టమే, కాకపోతే కాస్త బరువు. ఇప్పటి లెక్కలో 290 టన్నుల పైమాటే. ఆ అంకెలో కొంత భక్తి కూడా కలిసిందని నా అనుమానం. గంట మాత్రం కల్పన కాదు. 1583లో వెనిస్ రత్నాల వర్తకుడు గాస్పరో బాల్బి దాన్ని కళ్ళారా చూశాడు. పైనుంచి అంచుదాకా అక్షరాలే. చదివి చెప్పగలవాడు మాత్రం అతనికి దొరకలేదు.

1608లో రంగూన్‌కు ఏటి అవతల ఉన్న సిరియం కోట ఏలుతున్న పోర్చుగీసువాడు ఫిలిప్ డి బ్రిటో కన్ను దానిమీద పడింది. కరిగిస్తే ఎన్ని ఫిరంగులో! కొండ మీంచి దొర్లించి, ఏనుగులతో ఏటిదాకా ఈడ్పించి, తెప్పకెక్కించి, తెప్పను తన ఓడకు కట్టాడు. రంగూన్, పెగూ ఏళ్ళు కలిసేచోట తెప్ప విరిగింది. గంట ఓడను కూడా వెంట తీసుకుపోయింది. 1613లో బర్మా రాజు సిరియం పట్టుకుని డి బ్రిటోను కొరత వేయించాడు.

ఇంతటితో ఆశ చావకపోవడానికి కారణం ఇంకో గంట. బర్మా రాజు సింగు 1779 నాటికి చేయించిన 23 టన్నుల మహాగంటను మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధంలో, 1825లో, ఇంగ్లీషువాళ్ళు కలకత్తాకు తరలించబోయారు. అదీ అదే ఏట్లో పడింది. ఎంత లాగినా రాక చేతులెత్తేసి, తీసుకోగలిగితే మీరే తీసుకోండన్నారు. బర్మావాళ్ళు మునిగి, గంట చుట్టూ వెదురు మోపులు కట్టి, పోటుకోసం కాచుకున్నారు. నీళ్ళు పెరిగేకొద్దీ వెదురు తేలింది, వెదురుతో గంటా లేచింది. అది ఇవాళ్టికీ పగోడా మీదే ఉంది. లోపల నాలుక ఉండదు. దండం పెట్టుకున్నవాళ్ళు తమ పుణ్యం అందరికీ పంచుతూ దుంగతో బయటనుంచి కొడతారు.

ధమ్మజేది గంటకోసం గజ ఈతగాళ్ళు ఎన్నోసార్లు దిగారు. చిక్కటి బురదనీరు, చేయి చాస్తే చేయి కనపడదు. అడుగున పాత ఓడల శకలాలు. దాన్ని నాట్ దేవతలు కాస్తున్నారని స్థానికుల నమ్మకం. 2014లో దొరికిందని కబురు పుట్టింది గానీ ఒడ్డుకు ఏదీ రాలేదు.

ఏళ్ళు కలిసే ఆ చోటే మంకీ పాయింట్. కాకినాడ, విశాఖల నుంచి కూలికి రంగం వెళ్ళిన మనవాళ్ళ స్టీమర్లు రేవు చేరాలంటే అది దాటాల్సిందే.