విదేశాల నుంచి అనాథాశ్రమానికి సామాను: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మా సేవా క్లబ్ తరఫున ఆంధ్ర, తెలంగాణల్లోని పిల్లల ఆశ్రమాలకు సామాను పంపే పని పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళు ఏటా అవే మాటలు అంటారు. మంచి మనసుతోనే అంటారు. అందుకే ఓపిగ్గా రాస్తున్నాను.

అపోహ: "మా పిల్లలకు పట్టని బట్టలు బోలెడున్నాయి, పంపిద్దాం."

వాడిన బట్టల్ని భారతదేశంలోకి లైసెన్సు లేకుండా దిగుమతి చేసుకోకూడదు. పాత ల్యాప్‌టాప్‌లదీ అదే సంగతి. ఇది తెలియక మా మొదటి కంటైనర్‌లో కొత్త స్కూల్ బ్యాగుల మధ్య పాత స్వెట్టర్లు సర్దాం. ప్యాకింగ్ లిస్టులో "బట్టలు" అని ఒక్క ముక్క రాశాం. చెన్నై పోర్టులో కస్టమ్స్ వాళ్ళు పెట్టెలు విప్పి చూసి ఆపేశారు. వాళ్ళ తప్పేమీ లేదు, తప్పు మాదే. రోజురోజుకీ డెమరేజ్ (సరుకు పోర్టులో నిలిచిపోయినందుకు కట్టే రుసుము) పెరిగింది. ఆశ్రమం నడిపే అక్క ఒంగోలు నుంచి రెండుసార్లు రైల్లో చెన్నై వెళ్ళాల్సి వచ్చింది. ఆ టికెట్లు పిల్లల పాల డబ్బుతో కొన్నారని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అసలు ఒంగోలు ఎండల్లో స్వెట్టర్లు ఎవరికి కావాలని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

అపోహ: "డబ్బు పంపితేనే ఎఫ్‌సీఆర్‌ఏ, వస్తువులకు ఏ రూలూ లేదు."

ఎఫ్‌సీఆర్‌ఏ అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. 2010 నాటి ఆ చట్టం ప్రకారం సంస్థకు ఇచ్చే వస్తువులు కూడా విదేశీ విరాళమే. ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకే చెల్లుతుంది కాబట్టి గడువు తేదీ కూడా చూడండి. "పెద్ద ట్రస్టుకు పంపితే వాళ్ళే చిన్న ఆశ్రమానికి ఇస్తారు కదా" అంటారు. 2020 సవరణ తర్వాత అది కుదరదు. డబ్బు కూడా ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఆశ్రమం ఖాతాకే చేరాలి.

మనవాళ్ళకు ఇంకో టెన్షన్ ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నవాళ్ళు ఇస్తే అవుతుంది. భార్యది ఒక పాస్‌పోర్టు, భర్తది ఒకటి అయిన ఇళ్ళు మా క్లబ్బులోనే చాలా ఉన్నాయి. ఎవరి ఖాతా నుంచి వెళ్తోందో చూసుకోండి.

అపోహ: "మిగిలిన మందులు పారేయడం కంటే పంపడం నయం."

వద్దు. విరాళంగా ఇచ్చే మందులు అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఒకరు వాడి మిగిల్చినవి అసలే పంపకూడదు. హైదరాబాద్ చుట్టుపక్కల తయారయ్యే మందుల్ని ఇక్కడి నుంచి మళ్ళీ ఓడెక్కించడం దేనికి?

అపోహ: "ఆశ్రమంలో ఉన్నారంటే నా అన్నవాళ్ళు లేని పిల్లలే."

నేను కలిసిన పిల్లల్లో చాలామందికి అమ్మో అమ్మమ్మో ఉన్నారు. ఫీజులు కట్టలేక, కూలికి వెళ్తే చూసేవాళ్ళు లేక దిగబెట్టారు. మనం పెట్టెలు పంపే కొద్దీ పిల్లలు ఆశ్రమానికే చేరతారు, ఇంటికి కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకంలో అర్హులైన పిల్లలు ఇంటి దగ్గరే పెరగడానికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. ఆ కాగితాలు పెట్టించారా అని ఇప్పుడు ప్రతి ఆశ్రమాన్నీ అడుగుతున్నాం. బాలల న్యాయ చట్టం, 2015 కింద రిజిస్ట్రేషన్ చూపించని చోటికి రూపాయి కూడా పంపం.

అపోహ: "దాతలకు పిల్లల ఫొటోలు చూపించాలి కదా."

అదే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఈ పిల్లలను గుర్తుపట్టేలా పేర్లు, ఫొటోలు బయటపెట్టడాన్ని నిషేధించింది. బిల్లులు చూపించండి, చాలు.

ఇప్పుడు మేం కంటైనర్లు పంపడం మానేశాం. డబ్బు పంపితే అక్కడి బజార్లోనే కొనుక్కుంటున్నారు. ఈ జూన్‌లో ఒంగోలు అక్క రాసి పంపిన జాబితా: ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి, నల్ల బూట్లు 38 జతలు (సైజులతో సహా), టెన్త్ పిల్లలకు గైడ్లు. అట్టడుగున చిన్న అక్షరాలతో, "పెద్దపిల్లలకు శానిటరీ ప్యాడ్లు, నెలనెలా." కంటైనర్లు పంపినన్నాళ్ళూ ఇందులో ఒక్కటి కూడా మా పెట్టెల్లో వెళ్ళలేదు.