డాబా మీద కనపడని చెరువు

హనుమకొండ నుంచి ఒకాయన అడిగారు: "డాబా మీదికని గ్యాస్ గ్రిల్ కొన్నం సార్, మక్క కంకులకు, కొర్రమీనుకు. ఆగ్నేయ మూలకే పెట్టాల్నా?"

అగ్ని దిక్కు కదా, అడగడంలో తప్పులేదు. నేను మాత్రం దిక్కు కన్నా ముందు వాలు చూస్తాను. మంటకు గోడల నుంచి, ఆరేసిన బట్టల నుంచి 3 మీటర్ల ఎడం, నెత్తిన రేకులూ టార్పాలినూ లేకుండా ఖాళీ. అక్కడికి మంట సంగతి అయిపోయింది. అసలు కథంతా వెలగని గ్యాస్‌ది.

గాలి సగటు అణుభారం 29. సిలిండర్‌లోని ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. గాలికి ఒకటిన్నర నుంచి రెండింతల బరువు. కారితే పైకి పోదు, నేల పట్టుకొని పారుతుంది. ఓరుగల్లు వాళ్లకు గొలుసుకట్టు చెరువుల గురించి నేను చెప్పాలా! పై చెరువు నిండి మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు. గ్యాస్‌దీ అదే నడక. మీ డాబా ఒక చెరువు. మూడడుగుల పిట్టగోడ దాని కట్ట. వాన నీటి పైపు మూతి తూము. మెట్ల గది గడప మత్తడి. గాలి ఆడని రాత్రి రెగ్యులేటర్ దగ్గర కారిందా, గడప దాటి మెట్టు మెట్టూ దిగి కింద వంటింట్లో పొయ్యి దాకా వెళ్లగలదు. పైపులోంచి జారితే, మూత తీసిన సంపులో కూర్చుంటుంది. వాసన కోసం మెర్కాప్టాన్ కలుపుతారు, నిజమే. కానీ మీ ముక్కు అయిదడుగుల ఎత్తున, గ్యాస్ చీలమండల దగ్గర!

కిలో ద్రవం ఆవిరైతే సుమారు 450 లీటర్ల గ్యాస్. గాలిలో 2 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. అంటే 22,500 లీటర్ల మిశ్రమం. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న గది నిండా. ఇంటి సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు.

కొత్త గ్రిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కడతారు. కట్టుకోండి, నాలుగు నిమ్మకాయలు మాత్రం మిగల్చండి. లోతైన గిన్నెలో ఒక పొట్టి, ఒక పొడుగు కొవ్వొత్తి వెలిగించి, అడుగున వంట సోడా చల్లి నిమ్మరసం పోయండి. పొంగేది కార్బన్ డయాక్సైడ్. దాని అణుభారమూ 44, అచ్చం ప్రొపేనంత. ముందు పొట్టిది ఆరుతుంది, తర్వాత పొడుగుది. కనపడని చెరువు నిండుతోందన్నమాట. బడిలో మాతో అణుభారాలు బట్టీ పట్టించారు గానీ, ఈ గిన్నె ఒక్కరూ చూపలేదు.

గ్రిల్ మూత తెరిచే వెలిగించమనేది ఇందుకే: మూసిన పెట్టెలో చేరిన గ్యాస్‌కు బయటి దారి లేదు. ఇటుకల అరుగు కట్టి సిలిండర్‌ను లోపల దాస్తే, గాలి కంతలు అడుగున నేలకు ఆనుకొని ఉండాలి; పైన మాత్రమే పెడితే తూమును కట్ట నెత్తిన కట్టినట్టే. సిలిండర్‌ను పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే పైపులోకి ఎక్కుతుంది, కాబట్టి నిలబెట్టే ఉంచాలి. అతుకుల దగ్గర సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే ధీరులూ ఉన్నారు, ఏం చెప్పను!

ఆయనకు ఇంతే చెప్పాను: ఒక బకెట్ నీళ్లు డాబా మీద పోసి ఎటు పారుతాయో చూడండి. మెట్లకూ పైపు మూతికీ దూరంగా, పిట్టగోడకు బదులు జాలీ ఉన్న వైపేదైనా ఉంటే అక్కడ పెట్టండి. సాయంత్రానికి ఫొటో పంపారు. మెట్ల గది సరిగ్గా ఆగ్నేయ మూలనే ఉంది.